కుదించిన కాపీలో మిగిలేదెంత?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవారు తక్కువ. సీటీసీ అంటే మాత్రం జంటనగరాల్లో కంప్యూటర్‌తో పరిచయమున్న ప్రతివారికీ తెలుసు. మదర్‌బోర్డు, ర్యామ్, మానిటర్ విడివిడిగా కొని సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్న రోజుల నుంచి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల కాలం దాకా, తక్కువ డబ్బుతో కంప్యూటర్ కావాలనుకునేవారు ముందు వెళ్లేది అక్కడికే. అలా ఇల్లు చేరిన పాత యంత్రం మీద కుర్రాళ్లు వేసుకోవాలనుకునే గేమ్‌లు ఇరవై ఏళ్లుగా పెద్దగా మారలేదు. జీటీఏ వైస్ సిటీ, జీటీఏ శాన్ ఆండ్రియాస్, మాఫియా, మ్యాక్స్ పేన్, పోలీసులకు చిక్కకుండా కారు నడపాల్సిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్. అన్నీ 2001, 2005 మధ్య వచ్చినవే. అన్నిటా నేరస్థుల లోకమే నేపథ్యం. వీటి కోసం ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పేరు పక్కన చేర్చే మాటా ఒక్కటే: ‘హైలీ కంప్రెస్డ్’.

ఈ కుదించిన కాపీల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు వర్గాలు. దొంగతనమని ఒక్క మాటలో కొట్టిపారేసేవారు ఒకవైపు, ఇరవై ఏళ్ల నాటి గేమ్‌ను ఎవరు అడుగుతారులే అనేవారు మరోవైపు. రెండు మాటలూ విషయాన్ని సగమే చూస్తున్నాయి. ఈ కాపీ ఏ అవసరంలోంచి పుట్టింది, అది ఇస్తానన్న మాటలో సాంకేతికంగా నిజమెంత, కుదింపులో ఏం పోతుంది, దాని వెంట ఏం వస్తుంది, చట్టం ఏమంటోంది, అసలు హక్కుదారులు తమ పాత గేమ్‌ల పట్ల ఎలా నడుచుకుంటున్నారు అన్న ప్రశ్నలను కలిపి చూస్తేనే న్యాయమైన అభిప్రాయానికి రాగలం.

కొరత నేర్పిన అలవాటు

వైస్ సిటీ కంప్యూటర్ రూపంలో 2003 మే నెలలో వచ్చింది. రెండు సీడీలు. హార్డ్ డిస్క్‌లో కనీసం 915 మెగాబైట్ల జాగా కావాలి, గ్రాఫిక్స్ కార్డు పాతదైతే మరో 635 మెగాబైట్లు అదనం. 2005 జూన్‌లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌కు తక్కువలో తక్కువ 3.6 జీబీ, పూర్తిగా వేసుకుంటే 4.7 జీబీ. అది డీవీడీ మీద వచ్చింది. అప్పటికి మన ఇళ్లలో చాలా సిస్టమ్‌లకు సీడీ డ్రైవ్ తప్ప డీవీడీ డ్రైవ్ లేదు.

ఇక ఇంటర్నెట్. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ 2005 జనవరిలో మొదలైంది. సెకనుకు 256 కిలోబిట్ల వేగమంటే, అంతా సవ్యంగా ఉంటే సెకనుకు 32 కిలోబైట్లు దిగుతాయి. పగలు వాడకానికి పరిమితి, దాటితే అదనపు చార్జీ. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 వరకు పరిమితి లేని వాడకం ఉండేది. ఆ ఆరు గంటల్లో ఒక్క క్షణం కూడా లైను తెగకపోతే దిగేది సుమారు 675 మెగాబైట్లు, అంటే ఒక సీడీకి సరిపడా. ఆ లెక్కన శాన్ ఆండ్రియాస్ డీవీడీ మొత్తం దించాలంటే ఏడు రాత్రులు దాటుతుంది. అదే 240 మెగాబైట్ల వైస్ సిటీ ‘రిప్’ (కొన్ని భాగాలు తీసేసిన కాపీ) రెండు గంటల పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మరుసటి రాత్రి మళ్లీ ప్రయత్నించవచ్చు.

కుదించిన కాపీకి ఇక్కడ ఆదరణ దొరకడానికి మూలం ఈ లెక్క. ఒక ఇంట్లో దిగిన ఫైలు సీడీలోకి, తర్వాత పెన్ డ్రైవ్‌లోకి ఎక్కి వీధంతా తిరిగేది. నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడేవారు. ‘పాంజర్’ అని కొడితే యుద్ధ ట్యాంకు వస్తుందని, ‘లీవ్‌మీఅలోన్’ అంటే పోలీసులు వదిలేస్తారని చీట్ కోడ్‌లను స్కూలు నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసుకున్న తరం అది. ఆ తరంలో ఎందరికో కంప్యూటర్ మీద భయం పోయింది గేమ్‌లతోనే. డ్రైవ్‌లో జాగా లెక్క చూసుకోవడం, డైరెక్ట్ఎక్స్ అంటే ఏమిటో తెలుసుకోవడం, గ్రాఫిక్స్ కార్డు గురించి షాపులో అడగడం వారు నేర్చుకున్నది ఏ కోచింగ్ సెంటర్లోనూ కాదు. ఈ చరిత్రను చిన్నచూపు చూడకూడదు. కానీ అలవాటు పుట్టిన కారణం వేరు, అలవాటు నేడు కొనసాగుతున్న తీరు వేరు.

కుదింపులో నిజమెంత

సమాచారాన్ని కుదించడానికి గట్టి శాస్త్రం ఉంది. దానికి హద్దు ఉందని 1948లోనే క్లాడ్ షానన్ నిరూపించాడు. ఒక ఫైలులో పునరావృతమయ్యే భాగాలు ఎంత ఎక్కువ ఉంటే అంత కుదించవచ్చు. పునరావృతం అయిపోయాక ఇక కుదించేదేమీ మిగలదు. లెంపెల్, జివ్ 1977లో చూపిన దారిలోనే జిప్ నుంచి సెవెన్ జిప్ దాకా చాలా పద్ధతులు నడుస్తున్నాయి. సెవెన్ జిప్ వెనకున్న ఇగోర్ పావ్లోవ్, రార్ వెనకున్న యూజీన్ రోషల్ చేసిన పని నిజంగా గొప్పది. ఇది నష్టం లేని కుదింపు. విప్పితే ఒక్క బిట్ కూడా తేడా లేకుండా అసలు ఫైలు తిరిగి వస్తుంది.

సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ చీరను బయటికి తీసి విప్పితే అంచూ కొంగూ అన్నీ ఉంటాయి. నష్టం లేని కుదింపు అలాంటిది. కొంగు కత్తిరించి, అంచు పీకేసి, మిగిలిన గుడ్డను డబ్బాలో కుక్కి అదే చీర అనడం రెండో పద్ధతి. మార్కెట్లో ‘హైలీ కంప్రెస్డ్’ పేరుతో తిరిగేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

కారణం సులభం. గేమ్‌లో పెద్ద జాగా తీసుకునేది శబ్దం, చిత్రం. ఇవి తయారీదారు చేతిలోనే ఒకసారి కుదింపు అయి వస్తాయి. వైస్ సిటీలో రేడియో పాటలున్న ఫైళ్లు పైకి వేరే రకంలా కనిపించినా లోపల ఉన్నది ఎంపీ3యే. ఎంపీ3ని జిప్ లాంటి సాధారణ పద్ధతితో మళ్లీ కుదించబోతే ఒకటి రెండు శాతం తగ్గితే గొప్ప. కాబట్టి ఒకటిన్నర జీబీ గేమ్‌ను 240 మెగాబైట్లకు తేవాలంటే పాటలు తీసేయాలి, లేదా వాటి నాణ్యతను వినలేనంతగా దిగజార్చాలి. ఇంకో దారి లేదు.

ఇక ‘శాన్ ఆండ్రియాస్ 10 ఎంబీలో’ అనే ప్రచారం పూర్తిగా అబద్ధం. 4.7 జీబీ 10 మెగాబైట్లకు తగ్గాలంటే దాదాపు 480 వంతుల్లో ఒక వంతు కావాలి. కేజీబీ ఆర్కైవర్ అనే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి ఇలాంటి మాటలు ఒకప్పుడు బాగా నమ్మించారు. అది వాడేది పాక్ అనే పద్ధతి. కుదింపు గట్టిదే, అందుకు గంటలు గంటలు పడుతుంది, మెమరీ విపరీతంగా తింటుంది, అయినా షానన్ గీసిన గీత దాటలేదు. మరి కొందరు ‘మేం విప్పితే నిజంగానే 4 జీబీ వచ్చింది’ అంటారు. అదీ సాధ్యమే, లోపల వట్టి సున్నాలు నింపితే. 42 కిలోబైట్ల జిప్ ఫైలు విప్పుకుంటూ పోతే నాలుగున్నర పెటాబైట్లయ్యే ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. పరిమాణం పెరిగినంత మాత్రాన లోపల గేమ్ ఉన్నట్టు కాదు.

పోయేది పాటలే కాదు

పాటలు పోతే ఏమైంది, ఆట ఆడొచ్చుగా అనేవారున్నారు. వైస్ సిటీ 1986 నాటి మయామీని పోలిన ఊరు. ఆ కాలాన్ని కళ్లకు కట్టేది భవనాలకంటే ముందు రేడియో. కారెక్కగానే ఎమోషన్ 98.3, ఫ్లాష్ ఎఫ్ఎం, వీ రాక్ లాంటి స్టేషన్లు, వాటి మధ్య వ్యంగ్య ప్రకటనలు, చర్చా కార్యక్రమాలు. ఆ ఊరి డబ్బు పిచ్చి మీద, హింస మీద రచయితలు చేసిన విమర్శ ఉన్నదంతా అక్కడే. కథానాయకుడు టామీ వర్సెట్టికి గొంతు ఇచ్చింది హాలీవుడ్ నటుడు రే లియోటా. శాన్ ఆండ్రియాస్‌లో అవినీతి పోలీసు అధికారి టెన్‌పెన్నీకి శామ్యూల్ ఎల్. జాక్సన్. సంభాషణలు కూడా తీసేసిన రిప్‌లలో పాత్రల పెదాలు కదులుతాయి, మాట వినబడదు. ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేశారో తెలియదు. మిగిలేది కారు లాక్కోవడం, కాల్చడం, పారిపోవడం.

నేరం నేపథ్యంగా ఉన్న గేమ్‌కు ఇది పెద్ద నష్టం. కథ, వ్యంగ్యం, పరిణామం తీసేసి హింసను మాత్రం ఉంచిన కాపీని చూసి ఆ గేమ్ మీద తీర్పు చెప్పడం అన్యాయం. దాన్నే పిల్లల చేతిలో పెట్టడం ఇంకా అన్యాయం. ఈ రెండు జీటీఏలకూ అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే అన్న రేటింగ్ ఉంది. 2005 జులైలో శాన్ ఆండ్రియాస్‌లో దాచి ఉంచిన ఒక అశ్లీల సన్నివేశం ‘హాట్ కాఫీ’ పేరుతో బయటపడినప్పుడు ఆ రేటింగ్‌ను పెద్దలకు మాత్రమే అనే స్థాయికి మార్చారు. కంపెనీ ముద్రతో వచ్చిన డిస్క్ విషయంలోనే ఇలా జరిగింది. ఎవరు ఏం తీశారో, ఏ మోడ్ చేర్చారో తెలియని కాపీకి ఏ రేటింగూ వర్తించదు. ఆ విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

వెంట వచ్చేవి

గేమ్‌లో పోయినవాటి సంగతి అలా ఉంచితే, కాపీతో పాటు లోపలికి వచ్చేవి ఇంకా ప్రమాదం. ఇలాంటి ఫైళ్లు ఎక్కువగా పాస్‌వర్డ్ పెట్టిన ఆర్కైవ్‌లుగా వస్తాయి. పాస్‌వర్డ్ ఉన్న పెట్టె లోపలికి యాంటీవైరస్ చూడలేదు. పైగా ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని సూచన రాసి ఉంటుంది. కాపీ రక్షణను ఛేదించే ‘క్రాక్’ ఫైలును యాంటీవైరస్ అనుమానించడం మామూలే కాబట్టి వాడేవారు నమ్మి ఆపేస్తారు. దొంగకు తలుపు తీసిపెట్టేది ఇంటివారే.

2021 జూన్‌లో యాంటీవైరస్ సంస్థ అవాస్ట్ క్రాకనోష్ అనే మాల్‌వేర్ వివరాలు బయటపెట్టింది. జీటీఏ 5తో సహా పలు గేమ్‌ల క్రాక్ కాపీల్లో దాక్కుని, కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తిరిగి ఆన్ చేయించి, యాంటీవైరస్‌ను తొలగించి, మొనేరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వుకునేది. ప్రపంచమంతటా 2,22,000కు పైగా యంత్రాలకు పాకింది. నిర్వాహకులు సంపాదించింది 20 లక్షల డాలర్లకు పైమాటే. 2018 నుంచి తిరుగుతున్న స్టాప్ అనే రాన్సమ్‌వేర్‌కూ ప్రధాన మార్గం క్రాక్ సాఫ్ట్‌వేర్లే. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది.

ఒకప్పుడు ఇంటి సిస్టమ్‌కు వైరస్ ఎక్కితే ఫార్మాట్ కొట్టిస్తే పోయేది. ఇప్పుడు అదే లాప్‌టాప్‌లో నాన్న బ్యాంకు ఖాతా, అమ్మ ఆధార్ స్కాన్, అక్క ఇంజినీరింగ్ ప్రాజెక్టు, చనిపోయిన తాతయ్య ఫొటోలు ఉంటాయి. ఉచితమనుకున్న గేమ్‌కు ధర కట్టేది ఇంటిల్లిపాదీ.

చట్టం మాట

భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగా పరిగణిస్తుంది. రక్షణ రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. కాబట్టి 2002 నాటి గేమ్ ఈ తరంలో ఎవరికీ ప్రజా ఆస్తి కాదు. అమ్మకం ఆగిపోయిన గేమ్‌ను ‘అబాండన్‌వేర్’ అంటూ ఉచితంగా పంచుకునే ఆచారానికి మన చట్టంలో చోటు లేదు. సెక్షన్ 63 ప్రకారం కావాలని చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022 మే నెలలో నిట్ ప్రో కేసులో తేల్చింది. సెక్షన్ 63బీ ఇంకా సూటిగా ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ వాడినా నేరమే, కనీస శిక్ష ఏడు రోజుల జైలు. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించే వీలుంది.

అదే చట్టం వాడకందారుకు కొన్ని హక్కులూ ఇచ్చింది. న్యాయంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. అంటే ఇంట్లో అట్టపెట్టెలో ఉన్న అసలు వైస్ సిటీ సీడీలు గీతలు పడకముందే హార్డ్ డిస్క్‌లో దాచుకోవడం తప్పు కాదు. వ్యాపార లక్ష్యం లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని 2012 సవరణ చేర్చింది. ఈ రెండో వెసులుబాటు గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడటం లేదు.

హక్కుదారుల తప్పు

కొనుక్కోండి అని చెప్పే ముందు, కొనడానికి ఏముందో చూడాలి. ఈ విషయంలో కంపెనీల రికార్డు బాగా లేదు. పాటల లైసెన్సులు కొన్నేళ్లకే తీసుకోవడం వల్ల 2012లో వైస్ సిటీ ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నుంచి కొంతకాలం మాయమై, మైకేల్ జాక్సన్ పాటలతో సహా కొన్ని లేకుండా తిరిగొచ్చింది. 2014లో శాన్ ఆండ్రియాస్, 2018లో జీటీఏ 4 అదే బాట పట్టాయి. 2002 నాటి మాఫియా చాలా కాలం అమ్మకంలోనే లేక 2017 అక్టోబరులో మళ్లీ వచ్చింది. 1930ల వాతావరణానికి ప్రాణమైన జాంగో రైన్‌హార్ట్ సంగీతం అందులో లేదు. రిప్ చేసేవాడు జాగా కోసం తీసేసిన పాటలను కంపెనీలు లైసెన్సు కోసం తీసేశాయి. ఆడేవాడికి జరిగిన నష్టం మాత్రం ఒక్కటే. 2005 నాటి మోస్ట్ వాంటెడ్‌నైతే న్యాయంగా డౌన్‌లోడ్ కొనుక్కునే దుకాణమే లేదు.

2021 అక్టోబరులో జీటీఏ సంస్థ రాక్‌స్టార్ మూడు పాత జీటీఏలను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తొలగించి, నవంబరు 11న ‘డెఫినిటివ్ ఎడిషన్’ విడుదల చేసింది. లోపాలతో నిండిన ఆ విడుదలకు వారం తిరగ్గానే క్షమాపణ చెప్పి, పాతవి మళ్లీ అందుబాటులోకి తెస్తామంది. కొత్త కూర్పుకు కావలసింది 45 జీబీ జాగా, 8 జీబీ ర్యామ్. వైస్ సిటీ అసలు అడిగింది 128 మెగాబైట్ల ర్యామ్. సీటీసీలో కొన్న పాత లాప్‌టాప్ మీద హాయిగా నడిచే గేమ్‌ను మార్కెట్ నుంచి తీసేసి, ఆ యంత్రం మోయలేని దాన్ని పెట్టారు. ‘హైలీ కంప్రెస్డ్’ వెతుకులాట ఆగకపోవడానికి నేటి అసలు కారణం ఇది. నెట్ వేగం సమస్య తీరిపోయింది. 50 మెగాబిట్ల లైను మీద 4.7 జీబీ పావుగంటలో దిగుతుంది. తీరనిది తేలికైన, పూర్తి, న్యాయమైన పాత కాపీ కొరత.

ఇది మన ఊరి సమస్యే కాదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్‌లలో 87 శాతం నేడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అమ్మకంలో లేని గేమ్‌లను పరిశోధకులు దూరం నుంచి చూసేందుకు లైబ్రరీలకు అనుమతి ఇవ్వాలన్న కోరికను అక్కడి కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది.

ఇప్పుడు చేయవలసింది

ఆడాలనుకునేవారికి నా మాట స్పష్టం. తెలియని చోట దొరికే కుదించిన కాపీ జోలికి పోవద్దు. 2005లో దానికి ఉన్న సమర్థన ఇప్పుడు లేదు. దొరికేది పూర్తి గేమ్ కాదు, ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది. 2015 నవంబరు నుంచి స్టీమ్‌లో రూపాయల్లోనే ధరలున్నాయి, సేల్‌లో మ్యాక్స్ పేన్ లాంటి పాత గేమ్ చాలా చౌకగా వస్తుంది. మరో ఆన్‌లైన్ దుకాణం జీఓజీలో కొంటే కాపీ రక్షణ తాళాలు లేని ఇన్‌స్టాలర్ మన దగ్గరే ఉండిపోతుంది. ఫోనుకు వైస్ సిటీ 2012లో, శాన్ ఆండ్రియాస్ 2013లో వచ్చాయి. అసలు డిస్క్ ఇంట్లో ఉంటే బ్యాకప్ తీసి దాచండి.

తల్లిదండ్రులు ఫైలు ఎక్కడిదని అడగడంతో పాటు గేమ్ ఎవరి వయసుకు తగినదని కూడా అడగాలి. పదేళ్లవాడికి శాన్ ఆండ్రియాస్ వద్దనడానికి దొంగ కాపీ అనే కారణం అక్కర్లేదు, వయసే చాలు. వాడికి తగిన ఆటలు బోలెడు.

కంపెనీలు పాత కూర్పులను పాత రూపంలోనే, తక్కువ ధరకు, తేలిక యంత్రాలకు పనికొచ్చేలా అమ్మకంలో ఉంచాలి. అది వాటికి చేతకాని పని కాదు. 1997 నాటి మొదటి జీటీఏను, ఆ తర్వాతి జీటీఏ 2ను రాక్‌స్టారే ఒకప్పుడు ఉచితంగా డౌన్‌లోడ్‌కు ఇచ్చింది. ఉచితంగా ఇవ్వనక్కర్లేదు. కొనేవారికి అమ్మితే చాలు.

ప్రభుత్వం వంతు కూడా ఉంది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ 2016లో ప్రత్యేక విధానం తెచ్చింది. దేశంలోని గేమ్ డెవలపర్ల వార్షిక సదస్సు ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో జరిగింది. గేమ్‌లు తయారుచేసే ఊరిగా పేరు కోరుకునే చోట గేమ్‌లను భద్రపరిచే గది కూడా ఒకటి ఉండాలి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం శతాబ్దం నాటి పుస్తకాలను కాపాడుతోంది. అసలు డిస్క్‌లు, వాటిని నడిపే పాత యంత్రాలు, పెట్టెలు, మాన్యువల్‌లు సేకరించి, అక్కడికక్కడే చూసుకునే ఏర్పాటు చేస్తే ఒక తరం సంస్కృతి నిలుస్తుంది. డిస్క్ మీద వచ్చినా రాకపోయినా, డిజిటల్ గేమ్‌లకు కాపీరైట్ చట్టంలోని గ్రంథాలయ వెసులుబాటును విస్తరించడం పార్లమెంటు చేయవలసిన పని. యంత్రాలకు, వాటిని బాగుచేయగల చేతులకు ఇక్కడ లోటు లేదు. పార్క్‌లేన్ దుకాణాల్లో ఆ నైపుణ్యం పాతికేళ్లుగా ఉంది.

కుదించిన కాపీ ఒక తరానికి ఆట చూపించింది, నిజమే. కానీ సగం ఆటనే చూపించింది. తర్వాతి తరానికి మిగతా సగం కూడా అందాలి. దానికి దొంగ ఫైలు దారి కాదు, దుకాణం మూసేసి చట్టం చూపించడమూ దారి కాదు. పూర్తి గేమ్‌ను న్యాయమైన ధరకు అందుబాటులో ఉంచిన రోజున 240 మెగాబైట్ల రిప్ కోసం వెతికే అవసరం ఎవరికీ ఉండదు.